సాగు ఒకరిది, సాయం మరొకరికి

సంపాదకులకు నమస్కారం.

పొన్నూరు మండలంలో మా నాన్నగారి నుంచి సంక్రమించిన రెండెకరాల మాగాణి నా పేరున ఉంది. గుంటూరులో చిన్న దుకాణం నడుపుకునే నేను ఆ పొలాన్ని చాలా ఏళ్లుగా ఒకే రైతుకు కౌలుకు ఇస్తున్నాను. 2025 ఆగస్టు 2న రైతులకు పెట్టుబడి సాయమిచ్చే అన్నదాత సుఖీభవ పథకం తొలి విడతగా రాష్ట్రం ఇచ్చిన 5,000, పీఎం కిసాన్ కింద కేంద్రం ఇచ్చిన 2,000 రూపాయలు నా ఖాతాలో జమయ్యాయి. అదే వారంలో ఆ రైతు నాట్ల కూలీ డబ్బుల కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్నారు. ఆ 7,000 ఆయనకే ఇచ్చేశాను గానీ, ఒక రైతు పెట్టుబడి సాయం భూయజమాని దయ మీద ఆధారపడి ఉండటం నాకు ఏమాత్రం న్యాయంగా తోచలేదు.

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను తర్వాత నేను పొలానికి వెళ్లాను. కోసి వేసిన పనలు నీళ్లలో నాని, వెన్నుల మీద తెల్లని మొలకలు వచ్చాయి. ఆయన ఒక పన చేత్తో ఎత్తి చూపించి, మాట్లాడకుండా మళ్లీ నీళ్లలోనే వదిలేశారు. విత్తనం, ఎరువు, కోత కూలీ అన్నీ ఆయన పెట్టినవే అయినా, ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-క్రాప్‌లో నమోదైన పేరు మాత్రం నాది.

అందుకు కారణం నేనే. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలల సాగు హక్కు కార్డు రావాలంటే ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందని బంధువులు చెప్పిన మాట నమ్మి చాలాకాలం నేనూ వాయిదా వేశాను. కార్డు పంట మీద హక్కుకే గానీ భూమి మీద హక్కుకు కాదని ఆ చట్టమే చెబుతున్నట్టు తెలిశాక, నిరుడు గ్రామ సచివాలయానికి వెళ్లి సంతకం చేశాను. అక్కడ ఉన్న మరి కొందరు కౌలు రైతులు, తమ యజమానులు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారని, ఫోను చేస్తే తర్వాత చూద్దామంటారని బాధపడ్డారు.

పీఎం కిసాన్‌లో ఏటా ఇచ్చే 6,000 భూమి ఉన్న కుటుంబాలకేనన్నది కేంద్రం పెట్టిన నిబంధన, దాన్ని మార్చడం మన చేతిలో లేదు. కానీ ఆ 6,000తో కలిపి అన్నదాత సుఖీభవ కింద ఏటా ఇచ్చే 20,000 సాయంలో రాష్ట్రం భరించే 14,000 ఎవరికి ఇవ్వాలన్నది రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయించగలదు. కార్డున్న కౌలు రైతులకూ సాయం ఇస్తామని చెప్పినంత మాత్రాన, యజమాని సంతకం దొరకక కార్డే పొందలేని వారికి ఒరిగేదేమీ లేదు.

కాబట్టి ఈ-క్రాప్ నమోదుకు సిబ్బంది పొలానికి వచ్చినప్పుడు, ఇరుగుపొరుగు రైతుల సమక్షంలో సాగు చేస్తున్నది ఎవరో విచారించి ఆ పేరే రాయాలి. ఆ జాబితాను గ్రామసభలో చదివి వినిపించి, అభ్యంతరాలకు గడువిచ్చి, అందులో ఉన్నవారి ఖాతాలకే రాష్ట్ర వాటా జమ చేయాలి. యజమాని సంతకాన్ని తప్పనిసరి చేసే నిబంధనను తొలగించేలా చట్టాన్ని సవరించాలి. వచ్చే ఖరీఫ్ నారుమళ్లు పోసేలోగా ఈ మార్పు చేయాలని వ్యవసాయ శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చిన్న భూయజమాని,
అరండల్‌పేట, గుంటూరు.