తిరుపతి వీధులకు ప్లాస్టిక్ కలిపిన తారు వేయించండి

రాష్ట్ర పురపాలక శాఖ మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం. మాది తిరుపతి కొర్లగుంట. తారు రోడ్ల పనుల్లో ఇరవై రెండేళ్లు మేస్త్రీగా చేశాను. పోయిన కార్తీకమాసం వానలకు మా వీధి మలుపులో గుంత పడింది. ఆ రోడ్డు వేసి రెండేళ్లు కూడా కాలేదు. గుంతలోంచి పిడికెడు కంకర చిప్స్ తీసి చూశాను. ఒక్క రాయికీ తారు లేదు, బియ్యం కడిగినట్టు కడిగేసి ఉంది. రాయికీ తారుకీ మధ్య నీళ్లు దూరితే జరిగేది ఇదే.

దీనికి మందు మన చెత్తబుట్టలోనే ఉంది. మదురై త్యాగరాజర్ ఇంజినీరింగ్ కాలేజీ ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్ గారు 2002లోనే కాలేజీ ఆవరణలో ప్లాస్టిక్ చెత్తతో రోడ్డు వేసి చూపించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పాల ప్యాకెట్లు, క్యారీ కవర్లు కడిగి, ఆరబెట్టి, సన్నగా తురుముతారు. కంకరనూ తారునూ వేడి చేసి కలిపే హాట్ మిక్స్ ప్లాంటులో కంకర 160-170 డిగ్రీల వేడి మీద ఉన్నప్పుడు ఆ తురుము చల్లితే నిమిషంలోపే కరిగి ప్రతి రాయికీ పొరలా పట్టేస్తుంది. తారు పోసేది ఆ తర్వాతే. ఆ పొర రాయిలోకి నీళ్లు పోనివ్వదు, తారును గట్టిగా పట్టుకుంటుంది. దేశంలో రోడ్ల పనులకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లోనే మార్గదర్శకాలిచ్చింది: ప్లాస్టిక్ తురుము తారు బరువులో 6 నుంచి 8 శాతం. అంటే 10 టన్నుల తారు పట్టే పనిలో 600 నుంచి 800 కిలోల కవర్లు కరిగిపోతాయి.

2015 నవంబరులో కేంద్రం 5 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల చుట్టూ 50 కిలోమీటర్ల లోపు రోడ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. 2011 లెక్కల్లో మా ఊరి జనం 5 లక్షలు లేరు. మరి రోజూ కొండకొచ్చే వేలాది భక్తులను ఏ లెక్కలో వేయాలి? కొండ మీద ప్లాస్టిక్ నిషేధం మంచిదే. అయితే అలిపిరి దగ్గర ఆపిన కవర్లన్నీ కింద మా ఊళ్లోనే మిగులుతున్నాయి. పలచని కవర్లను పాత సామాన్ల కొట్టువాళ్లు కూడా కొనరు.

అందుకే కేంద్రం లెక్కతో పని లేకుండా, మా నగరపాలక టెండర్లలోనే ఈ షరతు పెట్టించండి. పని మాత్రం పద్ధతిగా జరగాలి. నేను చేసిన ఒక సైటులో కవర్లను తురమకుండా తారు డ్రమ్ములో పడేశారు. ముద్దలు కట్టి రోలరు చక్రాలకు అంటుకుని, పరిచిన మిక్సంతా పైకి లేచొచ్చింది. ఇంకో మాట, ఫ్లెక్సీలు అస్సలు కలపనివ్వకండి. అది పీవీసీ అనే వేరే రకం ప్లాస్టిక్, వేడెక్కితే వచ్చే విషవాయువు ముందు ప్లాంటు కూలీల గొంతులోకే పోతుంది. కవర్లు ఏరి తెచ్చే పారిశుద్ధ్య కార్మికులకు కిలోకు ఇంత అని ధర కట్టించండి.

ఈశాన్య వానలు మొదలుకాక ముందే ఒక్క వీధి వేయించి చూడండి. ఆ రోజు ప్లాంటు దగ్గర నిలబడి కంకర వేడి చూసుకోవడానికి నేనొస్తాను. కూలి అక్కర్లేదు.

ఇట్లు,
కొర్లగుంట మేస్త్రీ, తిరుపతి