ఓవర్‌క్లాకింగ్ కన్నా దుమ్ము దులపడం మేలు

సంపాదకులకు,

చిన్న ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసుకోమని, అంటే తయారీదారు పెట్టిన వేగం కన్నా ఎక్కువగా నడపమని సలహాలిచ్చేవాళ్లు వేడి సంగతి చెప్పడం లేదు. పలుచని ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేవి 15 వాట్ల ప్రాసెసర్లు. వాటిలో చాలావాటికి మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే గుణకం) మార్చడానికి వీల్లేకుండా లాక్ చేసే ఉంటుంది. ఒకవేళ కుదిరినా, ఫ్రీక్వెన్సీ (ప్రాసెసర్ వేగం) 10 శాతం, దానికోసం వోల్టేజీ మరో 10 శాతం పెంచితే విద్యుత్ వాడకం సుమారు 33 శాతం పెరుగుతుంది. వోల్టేజీ ప్రభావం వర్గం లెక్కన పడుతుంది మరి. ఆ విద్యుత్తంతా వేడిగా మారుతుంది. సన్నని రాగి గొట్టం, ఒక్క ఫ్యాను ఆ వేడిని లాగలేవు. 95–100 డిగ్రీలు తాకగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పెంచిందంతా అక్కడే పోతుంది.

దయచేసి ముందుగా ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ తీసి, లోపల చూడండి. ఫ్యానుకూ, వేడిని బయటికి వదిలే హీట్‌సింక్ రేకులకూ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది. చాలామంది ఫ్యాను రెక్కలు తుడిచి ఈ దుమ్మును వదిలేస్తారు. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని గాలి కొట్టాలి. చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య వేడిని అందించే పేస్టు ఎండిపోతే దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక కొత్తది బియ్యపుగింజంత చాలు. హీట్‌సింక్ మరలను పక్కన ముద్రించిన అంకెల వరుసలోనే కొద్దికొద్దిగా బిగించాలి. ఒకవైపే బిగిస్తే చిప్ అంచు విరగవచ్చు.

హార్డ్‌డిస్క్‌తో నడిచే పాత యంత్రమైతే ఎస్‌ఎస్‌డీతో (తిరిగే భాగాలు లేని, వేగమైన నిల్వ పరికరంతో) వచ్చే తేడా ఏ ఓవర్‌క్లాకింగ్‌తోనూ రాదు.