గైడులో లేని జవాబు

సంపాదకులకు,

మా మనవరాలు ఏడో తరగతి. మొన్న పరీక్షలో మిరపకాయలు ఎండటం ఏ మార్పని అడిగారట. నీరు ఆవిరవడం భౌతిక మార్పు, ఎండకు ఎరుపు వెలిసిపోవడం రసాయన మార్పు అని రాసింది. గైడులో మొదటి ముక్కే ఉందని సగం మార్కు కోశారు.

పిల్ల రాసిందే నిజం. ఆవిరైనా నీరు నీరే. ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్ మాత్రం వెలుతురుకు, గాలిలోని ఆక్సిజన్‌కు విరిగిపోయి వేరే పదార్థమవుతుంది. మన మిర్చి యార్డు సరుకును కోల్డ్ స్టోరేజీల్లో దాచేది ఆ రంగు పోకుండా ఉండటానికి కూడా కదా!

పైగా ‘వెనక్కి వస్తే భౌతికం, రాకపోతే రసాయనికం’ అని బట్టీ పట్టిస్తున్నారు. రోట్లో దంచిన కారం మళ్లీ కాయవుతుందా? అయినా అది భౌతిక మార్పే, కొత్త పదార్థమేదీ పుట్టలేదు కాబట్టి. అందులో ఉప్పు కలిపితే మిశ్రమం. ఆ ఉప్పేమో సోడియం, క్లోరిన్ కలిసిన సమ్మేళనం. ఇవన్నీ మా వంటింట్లోనే దానికి చూపించాను.

పేపర్లు దిద్దేవారు గైడు పక్కన పెట్టి, పిల్లలు రాసింది ఒక్కసారి చదవాలని మనవి. అర మార్కు కోసం కాదండీ, ఆ రోజు నుంచి అది సైన్సు పుస్తకం ముట్టుకోవడం లేదు.

– ఒక తాతయ్య, బ్రాడీపేట, గుంటూరు