బాలల చిత్రోత్సవ యాత్ర: జమా ఖర్చుల వివరణ

రెండేళ్లకోసారి హైదరాబాద్‌లో జరుగుతూ వచ్చిన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవానికి (పేపర్లలో గోల్డెన్ ఎలిఫెంట్ అని వచ్చేది) ఈసారి మన బడి 8, 9 తరగతుల పిల్లలు 46 మందిని తీసుకెళ్లాం. నవంబరు 8 నుంచి 14 దాకా జరిగిన ఈ 20వ ఉత్సవంలో మనకు 10వ తేదీ శుక్రవారం ఉదయం ఆట దొరికింది. అందుకోసం మీ దగ్గర వసూలు చేసిన ప్రతి రూపాయికీ లెక్క ఇది.

ముందు జమ. మనిషికి 150 అనుకున్నాం. 37 మంది పూర్తిగా కట్టారు, 5,550 వచ్చింది. ఆరుగురు 50 చొప్పున 300 ఇచ్చారు. ముగ్గురి దగ్గర అడగలేదు. వాళ్లెవరో మాకూ టీచర్లకూ తప్ప తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. వెంట వచ్చిన నలుగురు టీచర్లు తలా 500 వేసుకుని 2,000, పదో తరగతి 1998 బ్యాచ్ వాళ్లు 5,000, కిరాణా కొట్టులో పెట్టిన డబ్బాలో 1,340. మొత్తం జమ 14,190 రూపాయలు.

ఖర్చులో పెద్దది బస్సు. డీజిల్‌తో కలిపి 9,500కి మాట్లాడుకున్నాం. తెల్లారి ఐదున్నరకు రావాల్సిన బండి ఆరున్నర దాటాక వచ్చింది. హాల్లో అడుగుపెట్టేసరికి సినిమా మొదలై పావుగంట. ఆ టెన్షన్ పడింది మేము, అందుకే గొడవపడి 500 తగ్గించి 9,000 ఇచ్చాం. డ్రైవర్, క్లీనర్ బేటా 500. పంతంగి టోల్, పార్కింగ్ కలిపి 520.

మధ్యాహ్నానికి పులిహోర. బడి మధ్యాహ్న భోజనం బియ్యం ఒక్క గింజ ముట్టలేదు, ఈ మాట గట్టిగా చెప్తున్నాం, ఊళ్లో వేరే మాట వినపడింది గనుక. 8 కిలోల బియ్యం ఒక తండ్రి ఇచ్చారు. చింతపండు, నూనె, పల్లీలకు 900. తెల్లవారుజామున మూడింటికి లేచి వండిన ఇద్దరికి 400. నీళ్ల క్యాన్లు, విస్తళ్లు 310, అరటిపండ్లు 200. బయటి తిండి హాల్లోకి రానివ్వరు కాబట్టి హుస్సేన్‌సాగర్ పక్కన బస్సు ఆపి తిన్నాం. నిమ్మకాయలు, వాంతుల బిళ్లలు 85. చౌటుప్పల్ దాటకముందే అయిపోయాయి.

అనుమతి కాగితాల కోసం నల్లగొండకు రెండుసార్లు తిరిగిన ఛార్జీలు 180.

జిరాక్సులు 100. వేరే దేశం సినిమా, కింద అక్షరాలు ఇంగ్లీషులో వస్తాయి, మన పిల్లలది తెలుగు మీడియం. అందుకని కథ సారాంశం తెలుగులో రాయించి పంచాం. హాల్లో చీకటిగా ఉంటుందన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. ఈ వంద దండగే, ఒప్పుకుంటున్నాం. అయితే పిల్లలకు కాగితం అవసరమే పడలేదు. ఎక్కడ నవ్వాలో అక్కడే నవ్వారు.

ఇక అందరూ అడుగుతున్న ఐస్‌క్రీమ్ సంగతి. 46 కప్పులు, పదేసి రూపాయలు, 460. ముందు అనుకున్న లెక్కలో ఇది లేదు. బుద్ధుడి విగ్రహం చూస్తుంటే బండివాడు వచ్చాడు, డబ్బు తెచ్చుకున్న పిల్లలు కొన్నారు, తేనివాళ్లు పక్కకు తిరిగి నిలబడ్డారు. అక్కడికక్కడే అందరికీ కొనిచ్చాం. ఇది తప్పని సభలో తీర్మానిస్తే మా ఇద్దరి జేబులోంచి కట్టేస్తాం.

మొత్తం ఖర్చు 12,655. నిల్వ 1,535 రూపాయలు. బేటాకు, అరటిపండ్లకు, ఐస్‌క్రీమ్‌కు బిల్లుల్లేవు. మిగతావన్నీ ఉన్నాయి.

ఈ నిల్వను పంచితే పిల్లవాడికి 33 రూపాయలొస్తుంది. ఇంకో మాట ఉంది. సినిమా నడుస్తుండగా ఒక పాప లేచి ముందు వరసలోకి వెళ్లి కూర్చుంది. తెర మీద బొమ్మ మసకగా ఉందట. తరగతిలో బోర్డు కూడా అంతేనని, ఇన్నాళ్లూ అందరికీ అలాగే కనపడుతుందనుకున్నానని చెప్పింది. కంటి పరీక్షకు, కళ్లద్దాలకు ఈ డబ్బు వాడదామని మా ప్రతిపాదన. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు. మిగిలితే మళ్లీ ఇక్కడే లెక్క రాస్తాం. అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చే ఆదివారంలోగా చెప్పండి.

బిల్లుల ఫైలు డిసెంబరు 2 దాకా హెడ్మాస్టరు గదిలో ఉంటుంది. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

కార్యదర్శి, కోశాధికారి
యాత్రా కమిటీ
19 నవంబరు 2017