ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

కారు ఏసీని ఇంటి దగ్గరే బాగుచేసుకోవడం గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఎవరి బండి సంగతి వారికి కొంతైనా తెలిసి ఉండాలన్న ఆ వ్యాసం ఉద్దేశం నాకు నచ్చింది. చాలా ఏళ్లుగా నా కారుకు కావలసిన చిన్న చిన్న పనులు నేనే చేసుకుంటున్నాను. అయితే అందులో ‘ఏటా వేసవికి ముందు ఒక డబ్బా గ్యాస్ ఎక్కించుకుంటే సరిపోతుంది’ అన్న సలహా తప్పు. దాన్ని నమ్మితే ఎంత నష్టం జరుగుతుందో అనుభవించినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏసీలో తిరిగే గ్యాస్ పెట్రోలులా మండి ఖర్చయిపోదు. కంప్రెసర్ దాన్ని నొక్కి, వేడెక్కిన వాయువుగా కారు ముందుభాగంలోని కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ బయటి గాలికి వేడిని వదిలి అది ద్రవమవుతుంది. తేమను పీల్చే డ్రయర్ గుండా సాగి, ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నని రంధ్రం దాటగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి బాగా చల్లబడుతుంది. డాష్‌బోర్డు వెనుక ఉండే ఎవాపరేటర్‌లో, మనం కూర్చునే చోటి గాలిలోని వేడిని పీల్చుకుని మరిగి, వాయువుగా మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది. ఇది మూసి ఉన్న చుట్టు. రబ్బరు గొట్టాల గోడల్లోంచి, కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీలులోంచి ఏటా కొన్ని గ్రాములు జారిపోవడం సహజమే కాబట్టి చాలా ఏళ్లు గడిచాక చల్లదనం కొద్దిగా తగ్గడంలో వింత లేదు. కానీ ప్రతి వేసవికీ గ్యాస్ ఎక్కించవలసి వస్తోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకును వదిలేసి గ్యాస్ నింపడం చిల్లి కుండలో నీళ్లు పోయడమే.

మూడేళ్ల కిందట నేనూ ఆ పనే చేశాను. చల్లదనం తగ్గిందని ఒక డబ్బా, దానికి బిగించే, ఒత్తిడి చూపే చిన్న గేజీ కొని, ముల్లు ఆకుపచ్చ గీతలోకి వచ్చేదాకా ఎక్కించాను. కొన్ని నెలలు బాగానే ఉంది. మళ్లీ తగ్గితే మళ్లీ ఎక్కించాను. మూడోసారి ముల్లు గీతలోనే ఉన్నా గాలి చల్లగా రాకపోవడంతో, గేజీనే తప్పుపట్టి ఇంకొంత ఎక్కించాను. ఆ తర్వాత కంప్రెసర్ ఆగుతూ మొదలవుతూ మోత చేసి, వారం తిరగకుండానే బిగుసుకుపోయింది. మెకానిక్ యంత్రంతో గ్యాస్ బయటికి తీసి తూచి చూస్తే 700 గ్రాములకు పైనే ఉంది. బానెట్ కింది స్టిక్కరు మీద ఉన్నది 500 గ్రాములే. ఆ మూడోసారి చల్లదనం తగ్గడానికి అసలు కారణం గ్యాస్ కానే కాదు, కండెన్సర్ ఫ్యానుకు కరెంటు అందించే స్విచ్చు, అంటే రిలే, పాడై ఫ్యాను తిరగకపోవడం. మొదటి రెండుసార్లు గ్యాస్ తగ్గడానికి కారణం గ్యాస్ ఎక్కించే సర్వీసు పోర్టులోని సూది వాల్వ్ కారడం, దాని మీద ఉండవలసిన ప్లాస్టిక్ మూత ఎప్పుడో ఊడిపోవడం. సబ్బు నీళ్లు రాస్తే బుడగలు లేచి ఆ సంగతి బయటపడింది. సూది వాల్వుతో, రిలేతో తీరిపోయే పని అది. కానీ అప్పటికే కంప్రెసర్ అరిగి రాలిన లోహపు పొడి గొట్టాలన్నిటిలోకీ పాకింది. ఇప్పటి కండెన్సర్లలోని దారులు అతి సన్నగా ఉండటం వల్ల అందులో చిక్కిన పొడిని కడిగి తీయడం కుదరదు కాబట్టి కంప్రెసర్‌తో పాటు కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అన్నీ మార్చవలసి వచ్చింది.

డబ్బాతో వచ్చే గేజీ మనల్ని ఎందుకు తప్పుదారి పట్టిస్తుందో వ్యాసకర్త వివరించి ఉంటే ఎంతో మేలు జరిగేది. వంట గ్యాస్ సిలిండర్ నిండుగా ఉన్నా పావు వంతే ఉన్నా, లోపల ద్రవం మిగిలి ఉన్నంత కాలం దాని ఒత్తిడి దాదాపు మారదు, ఎందుకంటే ఆ ఒత్తిడిని నిర్ణయించేది ఉష్ణోగ్రత. ఏసీ గ్యాస్ కూడా అంతే. ఆర్-134ఎ అనే రకం ఏసీ గ్యాస్ వాడే కారును ఆపి ఉంచినప్పుడు, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర గేజీ సుమారు 97 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చూపుతుంది. లోపల 300 గ్రాములున్నా 500 గ్రాములున్నా ఆ అంకె ఇంచుమించు ఒకటే. ఏసీ నడుస్తున్నప్పుడైతే బయటి ఎండ, ఇంజన్ వేగం, కండెన్సర్ ఫ్యాను తిరిగే తీరు, లోపలికి గాలి ఊదే బ్లోవర్ వేగం అన్నీ ఆ అంకెను పైకీ కిందికీ లాగుతాయి. తక్కువ ఒత్తిడి వైపు, ఎక్కువ ఒత్తిడి వైపు రెండు గేజీలూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప దానికి అర్థం ఉండదు. గ్యాస్ ఎంత ఉందో తెలుసుకునే నమ్మదగిన మార్గం ఒక్కటే: ఉన్నదంతా బయటికి తీసి తూచి, స్టిక్కరు మీద రాసినంత మళ్లీ తూచి ఎక్కించడం.

తేమ సంగతిని వ్యాసం అసలు ముట్టుకోలేదు. గొట్టం ఏదైనా విప్పితే గాలి, దానితో తేమ లోపలికి చేరతాయి. ఆ తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది, గ్యాస్‌తోనూ నూనెతోనూ కలిసి ఆమ్లాలుగా మారి లోపలి భాగాలను తినేస్తుంది. అందుకే విప్పిన ప్రతిసారీ డ్రయర్‌ను, విప్పిన జాయింట్ల దగ్గరి రబ్బరు రింగులను మార్చి, వ్యాక్యూమ్ పంపుతో కనీసం అరగంట గాలి లాగాలి. అలా లాగితే ఒత్తిడి తగ్గి, మామూలు వేడికే నీరు మరిగి ఆవిరై బయటికి పోతుంది. ఆ తర్వాత పంపు ఆపి ముల్లు నిలకడగా ఉందో లేదో చూస్తే లీకు సంగతి కూడా కొంత తెలుస్తుంది. ఈ పరికరాలు లేనివారు గ్యాస్ దారిని విప్పకూడదు. లీకును మూసేస్తుందని చెప్పి అమ్మే ద్రవాల జోలికి పోవద్దని కూడా నా మనవి. తేమ తగిలితే గట్టిపడే రకాలు వాల్వులోనూ, ఆ తర్వాత వర్క్‌షాపు యంత్రాలలోనూ పేరుకుపోతాయి.

గ్యాస్‌లన్నీ ఒకటి కావు. పాత కార్లలో వాడిన, ఓజోన్ పొరను దెబ్బతీసే ఆర్-12ను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ద్వారా వదిలించుకునే క్రమంలో దాని స్థానంలోకి ఆర్-134ఎ వచ్చింది. అది ఓజోన్‌కు హాని చేయదు గానీ, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1,400 రెట్లు తీవ్రమైనది. అరకిలో ఆర్-134ఎ గాలిలోకి పోనివ్వడం దాదాపు 700 కిలోల బొగ్గుపులుసు వాయువును వదలడంతో సమానం. ఆ రకం వాయువుల వాడకాన్ని క్రమంగా తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి. ఇప్పుడు చాలా కొత్త కార్లలో ఉన్న ఆర్-1234వైఎఫ్ ఈ విషయంలో చాలా మెరుగు గానీ, కొద్దిగా మండే గుణం ఉన్నది. ఒక దాని బదులు మరొకటి ఎక్కించకూడదనే వాటి పోర్టులను వేర్వేరు కొలతల్లో చేశారు. డబ్బాను పొరపాటున ఎక్కువ ఒత్తిడి వైపు తగిలిస్తే పగిలిపోగలదు. ద్రవరూపంలో చిమ్మిన ఆర్-134ఎ మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి కంటికి గానీ చర్మానికి గానీ తగిలితే ఆ చోటు గడ్డకట్టుకుపోతుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో ఏసీ కంప్రెసర్ అధిక వోల్టేజీ మీద నడుస్తుంది, దానికి వాడే నూనె కూడా వేరు. ఆ అధిక వోల్టేజీని మోసే నారింజ రంగు తీగలు కనిపించిన చోట యజమాని చేయి పెట్టకూడదు.

ఇంత చెప్పానని సొంతంగా ఏదీ చేసుకోవద్దనడం నా అభిమతం కాదు. చల్లదనం తగ్గినప్పుడు గ్యాస్ దారి విప్పకుండా చూసుకోగలిగినవి చాలా ఉన్నాయి, నా అనుభవంలో సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. గాలి బలహీనంగా వస్తుంటే ముందు చూడవలసింది క్యాబిన్ ఫిల్టరు. చాలా కార్లలో అది గ్లవ్ బాక్సు వెనుకే ఉంటుంది, మార్చడానికి పది నిమిషాలు చాలు. బ్లోవర్ చివరి వేగంలో మాత్రమే తిరుగుతుంటే సాధారణంగా పాడైంది దాని వేగాన్ని మార్చే రెసిస్టరు. కండెన్సర్ రేకుల మధ్య చిక్కుకున్న దుమ్మును, పురుగులను రేకులు వంగకుండా మెల్లని నీటిధారతో కడగవచ్చు. ఏసీ వేసి బానెట్ ఎత్తి ఫ్యాను తిరుగుతోందో లేదో, కంప్రెసర్‌ను ఇంజన్‌తో కలిపే క్లచ్ టక్కుమని పట్టుకుంటోందో లేదో చూడవచ్చు. లేకపోతే ఫ్యూజును, రిలేను పరీక్షించవచ్చు. కాళ్ల దగ్గర నీరు చేరితే ఎవాపరేటర్ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయి ఉంటుంది. జాయింట్ల దగ్గర జిడ్డు మరక కనిపిస్తే అది లీకు జాడ, ఎందుకంటే కంప్రెసర్ నూనె గ్యాస్‌తో పాటే తిరుగుతుంది. ఇవన్నీ చూసుకుని, చూసినవి కాగితం మీద రాసుకుని వెళ్లిన యజమానికి, ‘గ్యాస్ అయిపోయింది, నింపేస్తాను’ అన్న మాటతో సరిపెట్టుకోవలసిన అవసరం రాదు; లీకు ఎక్కడుందో చూపించమని, ఎన్ని గ్రాములు తీశారో ఎన్ని గ్రాములు ఎక్కించారో రాసివ్వమని అడగగలడు.

కాబట్టి గ్యాస్ డబ్బా గురించిన ఆ సలహాను సవరిస్తూ మీ పత్రికలో ఒక వివరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. వ్యాసకర్త ఈ విషయం మీద మరో భాగం రాస్తే, ఫిల్టరు, ఫ్యాను, రిలే, నీటి గొట్టం ఎలా పరీక్షించుకోవాలో బొమ్మలతో వివరించమని కూడా నా విన్నపం.

ఇట్లు,
మీ పాఠకుడు