పద్మశ్రీ ఇచ్చారు, తేదీలు కూడా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజున, తెలుగు నాటకరంగ దినోత్సవం చేస్తారు. శాలువాలు కప్పుతారు, ఫొటోలు దిగుతారు, మర్నాడు పత్రికల్లో వార్త వస్తుంది. ఆ మర్నాడే, అంటే 17న, శాలువా కప్పించుకున్న పెద్దమనిషి తన నాటకానికి హాలు దొరుకుతుందేమోనని మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెడతాడు. నా ఉత్తరం ఆ 17వ తేదీ గురించి.

సురభి బాబ్జీ గారు 2022 జూన్‌లో పోయారు. అసలు పేరు రేకందార్ నాగేశ్వరరావు. సురభి కుటుంబ నాటక సమాజాల్లో ఒకటైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలికి పెద్ద. 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పోయినప్పుడు గొప్ప నటుడని, గొప్ప దర్శకుడని రాశారు. రెండూ నిజమే. కానీ ఆయన అన్నేళ్లు ఒక నాటక సమాజాన్ని నడిపారన్న సంగతి, నేను చదివినంతలో, ఎక్కడో చివరి పేరాలో ఒక వాక్యంగా కనిపించింది. నన్నడిగితే అన్నిటికంటే కష్టమైన పని అదే.

సురభిలో దర్శకుడంటే కుర్చీలో కూర్చుని "మళ్లీ చెయ్యి" అనే మనిషి కాదు. లారీ మాట్లాడాలి, కరెంటు బిల్లు కట్టాలి, చిరిగిన తెర కుట్టించాలి, హార్మోనిస్టుకు జ్వరమొస్తే ఇంకొకరిని వెతకాలి. సాయంత్రానికి ముఖానికి రంగేసుకుని తనే స్టేజీ ఎక్కాలి. నటులంతా ఇంటివాళ్లే. పెద్దమ్మ, బాబాయి, కోడలు, మనవడు. ఇంట్లో గొడవైతే ఆ రాత్రి నాటకంలో శ్రీకృష్ణుడు, సత్యభామ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అది సర్దాల్సింది కూడా ఆయనే.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధ ఆడించడంతో మొదలైంది ఈ కథ. అంతకుముందు వాళ్లది తోలుబొమ్మలాట. ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ, స్టేజీ మీద తెలుగు. మిగతా చోట్ల మగవాళ్లే ఆడవేషాలు కడుతున్న కాలంలోనే వీళ్ల ఆడవాళ్లు ఆడవేషాలు వేశారు. కుటుంబం పెరిగినకొద్దీ సమాజాలు పెరిగాయి. ఒక దశలో ముప్పైకి పైగా ఉండేవంటారు. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మా ఊళ్లో సురభి వాళ్లు రేకుల థియేటర్ వేసినప్పుడు నాది ఆరో తరగతి. నెలల తరబడి ఉన్నారు. రోజుకో నాటకం. మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వెళ్తుంటే నేల టికెట్టు జనం అంతా లేచి నిలబడ్డారు. నాకు దారం కనపడింది. అయినా నమ్మాను. ఇంకో రోజు వెనక రేకు సందులోంచి తొంగిచూస్తే అభిమన్యుడు కిరీటం పక్కన పెట్టుకుని పెరుగన్నం తింటున్నాడు. నాటకం మీద నాకు పిచ్చి పట్టింది ఆ పెరుగన్నం దగ్గరే.

బాబ్జీ గారి జీవితంలో నేను ఎక్కువగా తలుచుకునేది 1990ల నాటి సంగతి. కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి ఈ సమాజంతో పనిచేశారు. చండీప్రియ, బస్తీ దేవత యాదమ్మ లాంటివి అప్పుడొచ్చాయి. రెండోది జర్మన్ రచయిత బ్రెహ్ట్ నాటకానికి మన బస్తీ రూపం. కారంత్ గారు చిన్నప్పుడే ఇల్లు వదిలి గుబ్బి వీరన్న నాటక కంపెనీలో చేరినవారు, తర్వాత ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు డైరెక్టర్ అయ్యారు. కంపెనీ నాటకం వాసన తెలిసిన మనిషి కాబట్టి సురభి వాళ్లతో కుదిరింది. అయినా, తరతరాలుగా ఒకే పద్ధతిలో ఆడుతున్న సమాజానికి యజమానిగా ఉండి, బయటి దర్శకుడికి చోటిచ్చి "మా వాళ్లకు కొత్తది నేర్పండి" అనడం చిన్న విషయం కాదు. కొత్త నాటకానికి జనం రాకపోతే నష్టం కారంత్ గారికి రాదు, తెరల ఖర్చు పెట్టిన వాడికే వస్తుంది.

ఇంత ధైర్యం ఎక్కడిది? నాకు తోచింది చెప్తాను. సమాజానికి క్రమం తప్పకుండా ఆటలుండేవి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళాతోరణంలో ఆయన సమాజం ఏళ్ల తరబడి శని, ఆదివారాల్లో టికెట్టు పెట్టి ఆడింది. ఈ వారం తప్పు జరిగితే వచ్చే వారం దిద్దుకోవచ్చు. ప్రేక్షకుడికి కూడా ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలో తెలుసు. సినిమాకు శుక్రవారం ఉంది. నాటకానికి మాత్రం ఒక వారమంటూ లేకుండా చేశాం.

మన దగ్గర ఇప్పుడు నాటకం అంటే ఎక్కువగా పోటీ నాటకమే. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినప్పటి నుంచి, నాటక పోటీలు పెట్టే పరిషత్తులు చేసిన మేలును నేను కాదనను. నంది నాటకోత్సవాలు 2023 డిసెంబర్‌లో గుంటూరులో మళ్లీ జరిగినప్పుడు సంతోషించాను. కానీ పోటీకి తయారైన నాటకం ఆ నాలుగైదు పరిషత్తుల్లో ఆడి అటక ఎక్కుతుంది. టికెట్టు ఉండదు, ముందు వరసలో జడ్జీలుంటారు. అవార్డుతో పేరొస్తుంది సరే, ఆ సమాజంలో లైట్లు పట్టే కుర్రాడికి వచ్చే నెల పని దొరకదు.

కేంద్ర సాంస్కృతిక శాఖకు గురుశిష్య పరంపర పథకం ఉంది. గురువుకు నెలకు 15,000 రూపాయలు, శిష్యులకు అంతకంటే తక్కువ. మంచిదే. ఆ డబ్బుతో బియ్యం కొనుక్కోవచ్చు గానీ లారీ కిరాయి, హాలు అద్దె తేలవు. పన్ను ఏమైనా అడ్డమా అంటే అదీ కాదు, 500 రూపాయల లోపు నాటకం టికెట్టుకు జీఎస్టీ లేదు. అడ్డం వస్తున్నది హాలే.

రెండేళ్ల క్రితం మేం నలుగురు స్నేహితులం కలిసి ఒక పద్యనాటకాన్ని టికెట్టు పెట్టి ఆడించాలనుకున్నాం. ప్రభుత్వ హాలు బుక్ చేశాం. నాలుగు రోజుల ముందు ఫోనొచ్చింది, "ఆ రోజు మీటింగ్ ఉందండీ, ఇంకో రోజు చూసుకోండి" అని. ఇంకో రోజంటే ఆర్టిస్టులు ఖాళీ ఉండాలి కదా. ఆర్టిస్టులను కుదిర్చిన కాంట్రాక్టరు అప్పటికే అందరికీ అడ్వాన్సులు ఇచ్చేశాడు. మా డిపాజిట్టు ఐదు నెలలకు తిరిగొచ్చింది, ఆయన అడ్వాన్సులు మాత్రం రాలేదు. మళ్లీ మాకు ఫోను చెయ్యలేదు ఆయన. నేను కూడా చెయ్యలేకపోయాను.

అందుకని రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలనూ అడిగేది ఇది. ప్రతి జిల్లా కేంద్రంలో ఒక ప్రభుత్వ హాలును నెలకు రెండు శనివారాలు టికెట్టు నాటకానికి వదిలేయండి. ఆ తేదీలు ఏడాదికి ముందే ప్రకటించండి. మంత్రి గారి మీటింగైనా సరే, ఆ రెండు రోజులు రద్దు చేయకూడదని జీవో ఇవ్వండి. అద్దె ముందే కట్టమనకుండా వసూళ్లలో వాటా తీసుకోండి. జనం రాకపోతే ప్రభుత్వానికి పోయేది మామూలుగా ఖాళీగా ఉండే హాలు అద్దె.

ఇంకొకటి. హైదరాబాద్ యూనివర్సిటీలో, ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ చదివే పిల్లలున్నారు. వాళ్లను కొన్ని నెలలు ఇలాంటి సమాజాల్లో ఉండి రమ్మనండి. ఏ తెర తర్వాత ఏ తెర దిగాలి, తాడు ఎవరు లాగాలి, రెండు నిమిషాల్లో అంతఃపురం అడవి ఎలా అవుతుంది, ఇవన్నీ పెద్దవాళ్ల చేతుల్లో ఉన్నాయి, కాగితం మీద లేవు. పిల్లలు వాటిని చూసి, చేసి, వీడియో తీసుకుని రావాలి. బాబ్జీ గారితో ఎంత పోయిందో మనకు లెక్క తెలియదు.

జనం రారని అధికారులు అనుకుంటే మా ఊరి నుంచే మొదలుపెట్టండి. మొదటి శనివారం టికెట్లు నాకూ మా ఆవిడకూ, ఇద్దరు మనవళ్లకూ కలిపి నాలుగు. నేల టికెట్టు పెడితే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు, ఒంగోలు