మా దగ్గర వజ్రాల క్యారెట్ రేటు ఎందుకు ఎక్కువ? తెనాలి కొట్టు నుంచి కస్టమర్లకు

అందరికీ నమస్కారం. పెళ్ళిళ్ళ సీజన్ మొదలయ్యేలోపే ఈ మాట చెప్పేస్తే మీకూ నాకూ టైం కలిసొస్తుంది. "పక్క వీధిలో క్యారెట్ రేటు తక్కువ చెప్పారండీ, మీరేంటి ఇంత అంటున్నారు?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. నిజమే, మా రేటు ఎక్కువే. ఇకముందూ ఎక్కువే ఉంటుంది. ఎందుకంటే గుండ్రటి వజ్రాల్లో కట్ (రాయిని కోసిన తీరు) బాగా లేనివి తెప్పించడం పూర్తిగా మానేశాం.

వజ్రాల్లో క్యారెట్ అంటే బరువు, అంతే. ఒక క్యారెట్ 0.2 గ్రాములు, అందులో వందో వంతు సెంటు. రాయి ఎంత పెద్దగా కనిపిస్తుందో, ఎంత మెరుస్తుందో సెంట్లు చెప్పవు. ముడిరాయిని కోసేవాళ్ళకి బరువు ఎంత మిగిలితే అంత డబ్బు. అందుకని కొందరు రాయి కింది భాగాన్ని లోతుగా, నడుము అంచును మందంగా వదిలేస్తారు. ఆ బరువంతా బంగారం లోపల దాక్కుంటుంది. డబ్బు మాత్రం దానికీ కడతారు. లోతు ఎక్కువైన 50 సెంట్ల రాయినీ, కొలతల ప్రకారం కోసిన 45 సెంట్ల రాయినీ పక్కపక్కన పెట్టి చూడండి. పైనుంచి రెండూ ఇంచుమించు ఐదు మిల్లీమీటర్లే. మెరుపులో మాత్రం 45దే పైచేయి. పైగా 50 సెంట్లు, క్యారెట్ లాంటి అంకెల దగ్గర మార్కెట్‌లో రేటు ఒక్కసారిగా మెట్టెక్కుతుంది. బడ్జెట్ కచ్చితంగా ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: 45–48 సెంట్లు, 90–95 సెంట్లు అడగండి. మిగిలిన డబ్బు కట్ మీద పెట్టండి.

ఇకనుంచి మా ఎస్టిమేట్ కాగితం మీద సెంట్లతో పాటు రాయి వెడల్పు కూడా మిల్లీమీటర్లలో రాసిస్తాం. వేరే కొట్టులో చూసినప్పుడు కూడా ఆ అంకె అడగండి. సరిగ్గా కోసిన క్యారెట్ రాయి 6.4–6.5 మిల్లీమీటర్లు ఉంటుంది. 6.1 అన్నారంటే బరువంతా అడుగున ఉన్నట్టే.

రాయిలోకి వెళ్ళిన వెలుగు కింది ముఖాల మీద తగిలి మళ్ళీ పైకే రావాలి. కింది కోణం తగ్గితే వెలుగు చిల్లుకుండలో నీళ్ళలా కిందికి కారిపోతుంది, పైనుంచి చూస్తే రాయి లోపల తెల్లటి వలయం కనిపిస్తుంది. కోణం మరీ పెరిగితే నడిమధ్య నల్లగా ఉంటుంది. ఏ కోణాలు ఉండాలన్నది మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఆయన 1919లోనే లెక్కగట్టాడు: కింద 40.75 డిగ్రీలు, పైన 34.5. ఇప్పటికీ పెద్దగా మారలేదు. జీఐఏ (వజ్రాలకి గ్రేడ్ ఇచ్చే అమెరికా సంస్థ) సర్టిఫికెట్ మీద ఈ కోణాలు బొమ్మతో సహా ఉంటాయి. కింద 40.6 నుంచి 41, పైన 34 నుంచి 35 మధ్య ఉన్న రాళ్ళనే నేను ముందు చూస్తాను. "ట్రిపుల్ ఎక్సలెంట్" (కట్, పాలిష్, సిమెట్రీ మూడింటికీ ఎక్సలెంట్ గ్రేడ్) అని రాసుంటే చాలదా అంటారు. చాలదు. ఎక్సలెంట్ అనే గ్రేడ్ పరిధి చాలా పెద్దది, దానిలోనూ మంచివీ ఉంటాయి, అంతంతమాత్రంవీ ఉంటాయి. ఇంకో సంగతి, జీఐఏ కట్ గ్రేడ్ గుండ్రటి రాళ్ళకే ఇస్తుంది, అదీ 2006 నుంచి. ఓవల్ (కోలగా ఉండేవి), పియర్ (నీటిబొట్టులా ఉండేవి) అడిగేవాళ్ళు కాగితాన్ని నమ్ముకోకుండా కంటితో చూడాల్సిందే. మధ్యలో అడ్డంగా నల్లటి నీడ పడుతుందేమో గమనించండి.

ఒక్క సెంటు తగ్గినా ప్రాణం పోయినట్టు బాధపడేవాళ్ళకి నేను కోహినూరు సంగతి చెబుతుంటాను. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని అంటారు కదా (మన పక్కనున్న కొల్లూరు కాదండీ, పులిచింతల ముంపులో మునిగింది). 1851లో లండన్‌లో ప్రదర్శనకి పెడితే జనం ఎగబడి వచ్చి, మెరవట్లేదని పెదవి విరిచారు. మరుసటి ఏడాది దాన్ని మళ్ళీ కోశారు. ఇప్పటి లెక్కలో 191 క్యారెట్లు కాస్తా 105.6కి దిగింది. విక్టోరియా రాణీగారి ఇంటివాళ్ళే సగానికి దగ్గరగా వదులుకున్నారు, మనం ఐదు సెంట్లకి ఎందుకు టెన్షన్ పడాలి?

మా కొట్టులో ఎక్కువ వెళ్ళేది సాలిటైర్లు (ఒంటి రాయి నగలు) కాదు, ఏడు రాళ్ళ దుద్దులు. వాటి లెక్క వేరు. పది సెంట్ల రాయి మూడు మిల్లీమీటర్లు. అంత చిన్నవాటికి సాధారణంగా విడివిడిగా సర్టిఫికెట్ రాదు, మొత్తం నగకి కలిపి ఒక కాగితం వస్తుంది. అందులో పద్నాలుగు రాళ్ళ కట్ గురించి ఏమీ తేలదు. ఒక రాయి మసగ్గా ఉంటే చాలు, నగ మొత్తం చప్పగా కనిపిస్తుంది. అందుకే ఈ సీజన్ నుంచి ఆర్డర్ నగలన్నిటికీ రాళ్ళు పొదగకముందే మీకు విడిగా చూపిస్తాం. ఐడియల్‌స్కోప్ అని చిన్న గొట్టం తెప్పించాం. కింద లైటు పెట్టి అందులోంచి చూస్తే వెలుగు తిరిగొచ్చే చోటు ఎర్రగా, కారిపోయే చోటు తెల్లగా కనిపిస్తుంది. పిల్లలు కూడా తేడా పట్టేస్తున్నారు. దీనివల్ల డెలివరీ పది రోజులు ఆలస్యమవుతుంది. ముహూర్తం దగ్గర పెట్టుకుని వస్తే నేను చేయగలిగింది ఏమీ ఉండదు, ముందే చెబుతున్నా.

"బెల్జియం కట్ ఉందా?" అని అడిగేవాళ్ళకి: ఇప్పుడు ప్రపంచంలో అమ్ముడయ్యే వజ్రాల్లో అత్యధికం కోసేది సూరత్‌లో. మా రాళ్ళూ అక్కడివే. ఊరి పేరు కాదు, కోణాలు అడగండి.

రంగు, శుద్ధత విషయానికొస్తే, మన వైపు అందరి నోటా ఈఎఫ్ (రంగు లేని రాళ్ళ గ్రేడ్లు), వీవీఎస్ (లోపల మచ్చలు అతి స్వల్పంగా ఉన్న గ్రేడ్) మాటే. మూడు మిల్లీమీటర్ల రాయిలో వీవీఎస్‌కీ, దాని కింది మెట్టు వీఎస్‌కీ తేడా భూతద్దం లేకుండా నాకే తెలియదు, మీకెలా తెలుస్తుంది? పసుపు బంగారంలో పొదిగితే ఈఎఫ్ తర్వాతి గ్రేడ్లైన జి, హెచ్ రంగులు చక్కగా తెల్లగానే కనిపిస్తాయి. డబ్బు మిగుల్చుకోవాలంటే అక్కడ తగ్గండి. కాకపోతే రేపు మార్చుకునేటప్పుడు మన ఊళ్ళలో ఈఎఫ్, వీవీఎస్‌కే గిరాకీ. అమ్మే ఆలోచన ఉన్నవాళ్ళు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ల్యాబ్ వజ్రాలు (గనిలో కాకుండా ల్యాబ్‌లో తయారుచేసినవి) అడిగినవాళ్ళకి ఇస్తున్నాం. వేరే ట్రే, వేరే బిల్లు. అవీ నిజమైన వజ్రాలే, పుట్టుక మాత్రం వేరు. రేట్లు ఎంత పడ్డాయో మీకు తెలిసిందే, ఇంకా పడొచ్చు. అందుకని వాటి మీద ఎక్స్‌ఛేంజ్ మాట ఇవ్వం, రాయికి సున్నా అనుకునే కొనండి. బంగారానికి మాత్రం ఆ రోజు రేటు కడతాం. ముడిసరుకు అంత చవగ్గా దొరుకుతున్నప్పుడు బరువు కోసం కట్ పాడుచేయడానికి సాకే లేదు కాబట్టి, ల్యాబ్ రాయిలో కట్ దగ్గర అస్సలు రాజీపడకండి.

పాత దుద్దులు మసకబారాయి, కట్ బాగాలేదేమో అని తెచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. చాలాసార్లు అది తలనూనె. వజ్రానికి జిడ్డు ఇట్టే పట్టుకుంటుంది. వెనక తెరిచి ఉన్న నగైతే గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, మెత్తటి బ్రష్‌తో రుద్దండి. వెనక మూసి కట్టిన పాతకాలం నగల్ని మాత్రం నీళ్ళలో నానబెట్టొద్దు, లోపలి రేకు పాడవుతుంది. తీసుకురండి, ఆచారి గారు చూస్తారు. డబ్బులేమీ అక్కర్లేదు.

చివరిగా లైట్ల గురించి. స్పాట్‌లైట్ కింద ఏ రాయైనా మెరుస్తుంది, మా కొట్టులోవి కూడా ఆ లైట్లే. రాయి చేతికివ్వగానే గుమ్మం దగ్గర నీడలోకి తీసుకెళ్ళి చూడండి, తర్వాత ట్యూబ్‌లైట్ కింద చూడండి. మావాళ్ళెవరూ అభ్యంతరం చెప్పరు. ఉదయం పదకొండులోపు వస్తే రద్దీ ఉండదు, తీరిగ్గా చూసుకోవచ్చు. ఆదివారం ఆచారి గారు రారు కాబట్టి ఆ రోజు కొలతలు తీసుకోం.